కాలు మాది, లెక్క ఎవరిది?

కాలి రక్తనాళాల ఆపరేషన్ అయ్యాక డాక్టరు నాడి చూస్తాడు. రక్తం పారుతోంది, పుండు మానింది, ఆపరేషన్ సక్సెస్ అని రాస్తాడు. మంచిదే. మరి ఆ మనిషి రాత్రి నిద్రపోతున్నాడా? పనిలోకి పోగలుగుతున్నాడా? అది రోగే చెప్పాలి.

ఇది మేం పుట్టించిన మాట కాదు. కాళ్లకు రక్తం అందని రోగుల కోసం 2001లో లండన్ వైద్యులు 25 ప్రశ్నల పట్టిక వేశారు. నొప్పి, నడక, పని, నలుగురిలో కలవడం, మనసులో దిగులు అన్నీ రోగినే అడిగారు. కాలి నరాలు ఉబ్బే వెరికోస్ జబ్బు ఆపరేషన్లకు ఇంగ్లండ్ ప్రభుత్వం 2009 నుంచి 2017 దాకా ముందొకసారి, మూడు నెలలకు మరోసారి రోగులనే అడిగి, ఆస్పత్రులవారీగా లెక్కలు బయటపెట్టింది.

ఆ ప్రశ్నలు మనకు ఉన్నవున్నట్టు సరిపోవు. బజారు సంచి మోయగలవా అని వాళ్లడుగుతారు. మనవాళ్లను మడిలో దిగి నాటెయ్యగలవా, మోపెత్తగలవా, గొంతుక్కూర్చోగలవా అని అడగాలి. చదువురానివాళ్లకు చదివి వినిపించాలి. ఆపరేషన్ చేసినాయన ఎదుట అడగకూడదు. చేతులు కట్టుకుని "బాగానే ఉందయ్యా" అనేది జవాబు కాదు, తరాల భయం.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రజల సొమ్ముతో జరిగే ప్రతి కాలి ఆపరేషన్‌కూ ముందూ వెనకా రోగి మాట రాయాలని, ఆస్పత్రులవారీగా ప్రకటించాలని మేం డిమాండ్ చేస్తున్నాం. కార్యకర్తలారా! సర్కారు కోసం ఆగొద్దు. మీ వాడలో ఆపరేషన్ అయినవాళ్లను మూడో నెలలో కలిసి అడగండి. వాళ్ల మాట వాళ్ల మాటగానే రాయండి.