నీరసం అని సరిపెట్టకండి

క్యాన్సర్ చికిత్స ముగిసిన మనిషి నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే "నీరసమే, టానిక్ తాగితే తగ్గుతుంది" అని సరిపెట్టడం మన ఇళ్లలోనే కాదు, కొందరు వైద్యులలోనూ అలవాటైపోయింది. ఇది ప్రమాదకరమైన అలవాటు.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందుకు కావలసిన శక్తిని, ప్రధానంగా కొవ్వు ఆమ్లాల నుండి, కండర కణాలలోని మైటోకాండ్రియాలు ఎప్పటికప్పుడు తయారుచేయాలి. నిల్వ కొన్ని క్షణాలకే సరిపోతుంది. రొమ్ము క్యాన్సర్, లింఫోమాలకు వాడే ఎర్రని మందు డాక్సోరూబిసిన్ ఆ మైటోకాండ్రియాల లోపలి పొరలోని కార్డియోలిపిన్‌కు అంటుకొని శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. పొయ్యే చెడినప్పుడు కట్టెలు ఎన్ని తెచ్చి ఏం లాభం?

మందును నిందించడం నా ఉద్దేశం కాదు; అది ఎందరినో బ్రతికించింది. నా అభ్యంతరమంతా లెక్క చూడని నిర్లక్ష్యం మీదనే. జీవితకాలపు మొత్తం మోతాదు శరీర ఉపరితలం చదరపు మీటరుకు 400 మిల్లీగ్రాములు దాటాక గుండె వైఫల్యపు ముప్పు వేగంగా పెరుగుతుంది. అంతకు తక్కువలోనూ కొందరికి రావచ్చు, ఏళ్ల తరువాతనూ బయటపడవచ్చు.

కనుక చికిత్సకు ముందూ తరువాతా ఎకో పరీక్ష అడగండి. మొత్తం మోతాదును కాగితం మీద రాయించుకోండి. ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తే టానిక్ సీసాతో కాక, ఆ కాగితంతో గుండె వైద్యుని వద్దకు వెళ్లండి.