కొత్త బండికి పాత వేషం

గత సంవత్సరం మా విద్యార్థులు నలుగురు తలా కొంత సొమ్ము వేసుకొని, శంషాబాదులో వాడిన మారుతి 800 ఒకటి కొన్నారు. దాని పైకప్పు కోసివేసి, ఫైబరు తొడుగు వేసి, ముందు గుండ్రని పెద్ద దీపాలు అమర్చి, నిజాం కాలపు కారుగా మార్చి వార్షికోత్సవానికి తేవాలని వారి సంకల్పం. సలహాకై నా వద్దకు వచ్చారు. తెలుగు పంతులుకు మోటారు విద్యతో పనియేమని పాఠకులు అడుగవచ్చు. రూపానికీ వస్తువుకూ గల సంబంధాన్ని విచారించడం మా శాస్త్రంలోని ముఖ్యాంశమే కదా!

వారి వాదం తీసివేయదగినది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నేడు ప్రదర్శిస్తున్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోదలచారు. అది చేరేలోగానే 1911లో వారు పరమపదించారు. ఆ కారు ఇంజనూ చట్రమూ రోల్స్ రాయిస్ వారివి. పైనున్న దేహం మాత్రం లండనులోని బార్కర్ సంస్థ నిర్మించింది. "సార్, ఆనాడు ఒకరి చట్రంపై మరొకరు దేహం కట్టలేదా? మేము చేస్తే తప్పా?" అని వారి ప్రశ్న.

తప్పు ఆశయంలో లేదు, నిర్మాణంలో ఉన్నది. ఆ కాలంలో భారమంతా చట్రమే మోసేది. దేహం దానిపై తొడిగిన అంగీ వంటిది. మారుతి 800కు వేరే చట్రం లేదు. దాని రేకుదేహమే అస్థిపంజరం. పైకప్పు కోయడమంటే చొక్కా విప్పడం కాదు, ఎముక విరచడం. అట్టి బండి విమానాశ్రయపు రహదారిలో వేగంగా పోతూ బోల్తాపడితే, లోపలివారిని కాపాడేదేమున్నది?

చట్టమూ ఇదే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

మరి యువకుల చేతిపని వృథా కావలసినదేనా? కాదు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో సుధాకర్ గారు నిర్మించిన బండ్లు బూటు రూపంలోనూ, క్రికెట్ బంతి రూపంలోనూ ఉన్నవి. పాత సామానుతోనే చేసినా, అవి తమకు లేని ప్రాచీనతను చాటుకోవు. అది సృష్టి, అనుకరణ కాదు. నాలుగు గ్రాంథిక పదాలు అతికించిన మాత్రాన పద్యం ప్రబంధం కానట్లే, నాలుగు ఇత్తడి దీపాలు తగిలించిన మాత్రాన బండికి చరిత్ర అబ్బదు.

ఆ నలుగురిలో ఒకని తండ్రి విమానాశ్రయంలో టాక్సీ నడుపుతారు. విషయం విని, "బేటా, గడ్డానికి సున్నం పూసుకుంటే పెద్దరికం వస్తుందా?" అన్నారట. నా ఉపన్యాసమంతటి కంటె ఆ మాటే వారికి తగిలినది.

వారికి నేనొక్కటే చెప్పితిని. 2021 నాటి నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుండి యాభై ఏండ్లు దాటి, ఇంజను, చట్రం, దేహం పెద్ద మార్పు లేకుండా నిలిచిన వాహనానికే వింటేజి గుర్తింపు. మారుతి 800 తొలిసారి రోడ్డెక్కినది 1983 డిసెంబరులో. మార్పులు లేకుండా నిలిచిన తొలి బండ్లకు 2033 చివర ఆ గౌరవం దక్కగలదు. మీ బండికీ ఒకనాడు ఆ రోజు వచ్చును. దానిని దానిగానే కాపాడండి; ప్రాచీనత తానే వెదకికొని వచ్చును.

ఇప్పుడు వారు పైకప్పు జోలికి పోక, ఇంజను విప్పి బాగుచేయడం నేర్చుకొనుచున్నారు. ఈ ఏడాది వార్షికోత్సవానికి ఆ బండి స్వంత ముఖంతోనే రాగలదని ఆశిస్తున్నాను.