స్వేదన ద్రవములు

నీరు మరగుచున్న పాత్రపై మూతను తీసి చూచినచో, దాని లోపలివైపున చిన్న చిన్న బిందువులు కానవచ్చును. నీటిలోని లవణములు పాత్రయందే నిలిచిపోవును. ఆవిరి మాత్రము మూతకు తగిలి, చల్లబడి, మరల నీరగును. ఈ విధముగా ద్రవమును కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుటయే స్వేదనము. స్వేదమనగా చెమట. అరబ్బీ భాషలో ‘అరక్’ అను పదమునకును చెమట యనియే అర్థము. వాము అరకులోని ‘అరకు’ ఆ పదమే.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. రసరత్నసముచ్చయమను సంస్కృత గ్రంథమున, రెండు కుండలను వాలు గొట్టముతో కలిపిన తిర్యక్పాతన యంత్రము వర్ణింపబడినది. ఉత్తరప్రదేశమునందలి కనౌజులో నేటికిని రాగి పాత్రలలో గులాబీలను కాచి అత్తరు తీయుచున్నారు.

స్వేదనము చేసినదెల్ల మేలైనదని కొందరి నమ్మకము. అది సరికాదు. స్వేదనజలము పరిశుద్ధమే, కావుననే దానిని బ్యాటరీలలో పోయుదురు. సామాన్యజలములోని లవణములు బ్యాటరీ పలకలను చెరచును. కాని దేహమునకు ఉపకరించు కాల్షియము, మెగ్నీషియము వంటి ఖనిజములు స్వేదనజలమున నుండవు. పరిశుద్ధత వేరు, హితము వేరు.

సారాయి విషయమున ఈ భేదము ప్రాణముతో ముడిపడినది. అందలి మత్తుపదార్థమగు ఇథైల్ ఆల్కహాలు సుమారు 78 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరగును. విషమగు మిథైల్ ఆల్కహాలు సుమారు 65 డిగ్రీల వద్దనే మరగును. కావున బట్టీలో కాచినంత మాత్రమున ఆ విషము నశింపదు; ఆవిరితో కూడి పైకి వచ్చును. కల్తీసారా త్రాగి చూపు కోల్పోయిన వారును, ప్రాణములు విడిచిన వారును అనేకులు.

విషము లేని సారాయియు సంసారములను కూల్చును. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు ఈ సత్యమును గ్రహించి సారా దుకాణమును మూయించిరి. 1992లో వారి ఉద్యమము ఆంధ్రప్రదేశమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా విక్రయము నిషేధింపబడెను. వారికి రసాయనశాస్త్రము తెలియదు; కాని ఆ ద్రవము తమ యిండ్లకు ఏమి చేయుచున్నదో తెలియును.

అత్తరు తీసిన నిప్పే సారాయిని కాచును. అందు దోషము నిప్పుది కాదు, పాత్రది కాదు. యంత్రము ఒక ద్రవమునుండి మరియొక ద్రవమును వేరుచేయగలదు. మేలునుండి కీడును వేరుచేయవలసినవాడు మానవుడే.