తూకం మిషను దగ్గర మన నోరు



ఈ పేజీలో మామూలుగా షుగరు, బీపీ సంగతులు రాస్తుంటాము. ఈసారి నా తప్పు ఒకటి చెప్పుకోవాలని కూర్చున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయి జలుబు, జ్వరం అని తల్లితో ఓపీకి వచ్చింది. హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మిషను ఎక్కించి "యాభై ఎనిమిది" అని అందరికీ వినబడేలా చదివాను. అంతటితో ఆగినా బాగుండేది. "ఏందమ్మాయ్, హాస్టలు కూడు బాగా వంటబట్టినట్టుందే" అన్నాను. బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

ఏడు నెలల తరువాత అదే పిల్లను తండ్రి చేతుల మీద మోసుకొచ్చాడు. ముప్పయి తొమ్మిది కిలోలు. నాడి నిమిషానికి 44. చేతులు మంచులా ఉన్నాయి. నాలుగు నెలలుగా బహిష్టు లేదు. "సిస్టరమ్మా, బిడ్డ ఉపవాస ప్రార్థన చేస్తా ఉందంటే భక్తి పెరిగిందని సంతోషపడ్డాను" అని తల్లి ఏడ్చింది. టీబీ పరీక్ష చేశాము, థైరాయిడ్, షుగరు చూశాము. మన వైపు ఎవరు చిక్కినా ముందు చూడాల్సినవి ఇవే. ఏదీ లేదు. డాక్టరుగారు నెల్లూరు పంపి, మానసిక వైద్యునికి కూడా చూపించమన్నారు. కోలుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

కోలుకున్నాక ఆ పిల్లే నాతో చెప్పింది. సంక్రాంతికి మేనత్త "ఒళ్లు చేశావే" అన్నదట. హాస్టల్లో తోటిపిల్లలు గుండమ్మ అని పేరు పెట్టారట. ఆ తరువాత నేను. ఈ జబ్బు ఒక్క మాటతో రాదని, వంశంలో వచ్చే గుణము, మనసు తత్వము, చదువుల ఒత్తిడి అన్నీ కలుస్తాయని డాక్టర్లు అంటారు. నిజమే. అయినా ఆ మాటల్లో నాది ఒకటి ఉంది.

దీనిని అనోరెక్సియా నెర్వోసా అంటారు. 1873లో లండన్ డాక్టరు విలియం గల్ పెట్టిన పేరు. ఎముకలు కనబడుతున్నా ఇంకా లావుగానే ఉన్నానని ఆ బిడ్డకు తోస్తుంది. బులీమియా అని మరొకటుంది. అందులో ఆపుకోలేక చాలా తినేసి, చాటుకు పోయి వేలు పెట్టి కక్కేస్తారు. బరువు పెద్దగా తగ్గదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఇవి పట్నం జబ్బులు, సినిమావాళ్ల జబ్బులు, దుత్తలూరులో ఎందుకుంటాయి?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. సినిమావాళ్ల సంగతీ చెప్తాను. 'నువ్వు నాకు నచ్చావ్' సినిమాతో 2001లో మనందరికీ పరిచయమైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. వయసు 31. కొవ్వు తీసే ఆపరేషను చేయించుకున్న కొన్ని వారాలకే ఇది జరిగిందని పత్రికలు రాశాయి. ఆ రోజుల్లో ఆమె లావైందని హేళన చేసినవాళ్లలో మనమూ ఉన్నాము. 2025 మార్చిలో కేరళలోని కన్నూరు జిల్లాలో 18 ఏళ్ల విద్యార్థిని లావవుతానన్న భయంతో తిండి మానేసి చనిపోయిందని వార్తలొచ్చాయి. ఆమె సినిమా మనిషి కాదు.

ఫిజీ దీవుల సంగతి ఇంకా ఆలోచించవలసినది. అక్కడ ఒళ్లుండడమే ఆరోగ్యమనుకునేవారు. బిడ్డ చిక్కితే ఊరే కంగారుపడేది. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. అక్కడి బడిపిల్లలను ఆ సంవత్సరం ఒకసారి, 1998లో ఒకసారి అమెరికా పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం ప్రశ్నించింది. బరువు తగ్గడానికి కక్కుకుంటున్నామని మొదటిసారి ఒక్క పిల్ల కూడా చెప్పలేదు. రెండోసారి నూటికి 11 మంది చెప్పారు. టీవీ వచ్చాక అంత మార్పు కనబడింది. మన పిల్లల చేతిలో ఇప్పుడు ఫోనుంది, అందులో రోజుకు వంద సన్నని నడుములు కనబడతాయి.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందికి సుమారు ఆరుగురికి రక్తహీనత ఉంది. అసలే రక్తం చాలని పిల్ల డైటింగు అని పొద్దున టిఫిను, రాత్రి అన్నం మానేస్తే ఏమి మిగులుతుంది? కొర్రలు, సజ్జలు ఇప్పుడు డైట్ ఫుడ్ అని ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. మన మెట్టలో అవ్వాతాతలు సంగటి తిన్నది సన్నబడడానికి కాదు, పొలం పనికి బలం చాలాలని.

ఇంట్లోవాళ్లు చేసే పెద్ద పొరపాటు తిట్టడం. "మొండిది, పొగరు, తినకపోతే నాలుగు తగిలించు" అంటారు. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడు. యుద్ధం చేయము అని మనస్సాక్షి ప్రకారం నిలబడినవాళ్లు, చాలామంది క్వేకర్, మెన్నొనైట్, బ్రెదరన్ సంఘాలవాళ్లు, ఇష్టపడి వచ్చినవాళ్లు. కొన్ని వారాలకే వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. వంట పుస్తకాలు పోగుచేశారు, చిన్నదానికీ చికాకుపడ్డారు, మనుషులకు దూరంగా కూర్చున్నారు. అంత స్థిరబుద్ధి గలవాళ్లే ఆకలికి అట్లా మారిపోయారు. అంటే మనం పొగరు అనుకునేది చాలావరకు ఆకలి చేసే పని. మీ బిడ్డ తాను తినకుండా ఇంట్లో అందరికీ వండి పెడుతుంటే మురిసిపోకండి.

అన్నం తిన్న వెంటనే బాత్రూముకు పోవడం, వేలి కణుపుల మీద గాట్లు, జుట్టు రాలడం, ఎండాకాలంలో కూడా చలి, మూడు నెలలు బహిష్టు రాకపోవడం, వదులు బట్టల్లో దాక్కోవడం కనబడితే తీసుకురండి. ఒక హెచ్చరిక. బాగా చిక్కిన బిడ్డకు ఊళ్లో గ్లూకోజు సీసాలు ఎక్కించవద్దు, ఒక్కసారిగా ఎక్కువ తినిపించవద్దు. ఎన్నాళ్లో పస్తున్న ఒంటికి హఠాత్తుగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. ఆసుపత్రిలో పరీక్షలు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాలి. మాట్లాడడానికి ఎవరూ లేకపోతే టెలి మానస్ 14416 ఉంది, ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మగపిల్లలకు రాదనుకోవద్దు. 2007లో 'దేశముదురు' వచ్చినప్పటి నుండి సిక్స్ ప్యాక్ మోజు మన పల్లెలకూ వచ్చింది. పౌడరు డబ్బాలు కొనడానికి అప్పుచేసే పిల్లలను చూశాను. కానిస్టేబుల్ ఉద్యోగానికని తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే పిల్లలను చూస్తే మాత్రం నాకు సంతోషం. పరుగెత్తి వచ్చి కడుపునిండా తింటారు. తిన్నందుకు శిక్షగా పరుగెత్తడం వేరు. ఆడపిల్లలకు ఆ రోడ్డు కూడా లేదు. పదో తరగతితో ఖోఖో, కబడ్డీ ముగిసిపోతాయి, ఆ తరువాత వ్యాయామమంటే సన్నబడడానికే అన్నట్టు చేశాము. ఇది నాకు బాధ.

ఉపవాసం సంగతి పాస్టరుగారితో, పాస్టరమ్మగారితో మాట్లాడాను. పద్దెనిమిది నిండని పిల్లలు అన్నం మానకుండా వేరే విధంగా శ్రమకాలం పాటించేలా చెప్పమని నా మనవి. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. వారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ తండ్రి చేతుల మీద ఉన్న బిడ్డను వారు చూడలేదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర "చిక్కావే", "ఊరావే" అనే పలకరింపులు మన స్త్రీల సమాజంవాళ్లమే ముందు మానుదాము. చదువు అడగవచ్చు, పాట బాగా పాడావు అనవచ్చు.

వచ్చే నెల మొదటి సోమవారం నుండి మన ఓపీలో తూకం మిషను తెర వెనకకు మారుతుంది. బరువు చీటీ మీద రాస్తాము, పైకి చదవము. కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లు నా దగ్గరకు రండి, చెవిలో చెప్తాను.