లక్షద్వీప్: నేలే బతికి ఉండాల్సిన చోటు

లక్షద్వీప్‌లోని బిత్రా చాలా చిన్న దీవి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 271 మంది. 2025 జులైలో ఆ దీవిని రక్షణ అవసరాల కోసం తీసుకునే ప్రతిపాదనతో అక్కడి అధికార యంత్రాంగం సామాజిక ప్రభావ అంచనాకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్థానిక ఎంపీ హందుల్లా సయీద్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అంతకుముందు 2021లో అభివృద్ధి ముసాయిదా నిబంధనలపై పెద్ద దుమారం రేగింది. 2024 జనవరిలో ప్రధాని పర్యటన తర్వాత టూరిజం హడావుడి మొదలైంది.

ప్రతిసారీ చర్చ ఒకే తీరుగా సాగుతోంది. దేశ భద్రత, అభివృద్ధి అని ఒకవైపు, స్థానికుల హక్కులని మరోవైపు. దీవుల్లో దాదాపు అందరూ ముస్లింలు, షెడ్యూల్డ్ తెగల వారు కావడంతో టీవీ డిబేట్లలో రాజకీయ రంగు కూడా తొందరగానే అంటుకుంటోంది. ఈ గోలలో ఒక ప్రశ్న మాత్రం పక్కకు పోతోంది. అసలు ఆ నేల ఎలా తయారైంది? దాన్ని నిలబెడుతున్నదేమిటి?

మన నల్లరాయికి చుట్టరికం

మొత్తం 36 దీవులు. జనం ఉండేది పదింటిలోనే. అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లే. అంటే పాత గ్రేటర్ హైదరాబాద్ విస్తీర్ణంలో ఇరవయ్యో వంతు. అందులోనే 2011 నాటికి 64 వేల మందికి పైగా ఉన్నారు. చాలాచోట్ల నేల సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

ఈ దీవులకు మన ప్రాంతంతో పాత చుట్టరికం ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను లావా ముంచెత్తింది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి, నల్లరేగడి నేలలు అప్పటి లావా మిగిల్చినవే. భూగర్భంలో ఆ లావాకు మూలమైన వేడి చోటు మీదుగా భారత భూఫలకం ఉత్తరానికి జరుగుతూ పోయింది. వెనకాల సముద్రం అడుగున ఒక పర్వత శ్రేణి మిగిలింది. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ ఆ శ్రేణి మీదే ఉన్నాయని శాస్త్రవేత్తలు చెబుతారు.

పగడపు దీవులు ఏర్పడే తీరును 1842లో చార్లెస్ డార్విన్ వివరించాడు. నీళ్లలోంచి లేచిన అగ్నిపర్వతం అంచున, ఎండ తగిలేంత లోతులో పగడపు జీవులు కాలనీలు కడతాయి. కాలక్రమంలో కొండ బరువుకు మెల్లగా కుంగుతుంది. పగడాలకు వెలుతురు కావాలి కనుక అవి పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి కొండ మునిగిపోయి, గుండ్రటి పగడపు గోడ, మధ్యలో నిస్సారమైన నీళ్ల మడుగు మిగులుతాయి. దీన్నే అటోల్ అంటారు, ఆ మడుగును లగూన్ అంటారు. 1952లో పసిఫిక్‌లోని ఎనెవెటాక్ అటోల్‌లో బోరు వేస్తే, 1200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాకే అగ్నిపర్వత శిల తగిలింది. డార్విన్ మాట నిజమేనని తేలింది.

గోడ నిలిస్తేనే ఊరు

పగడం చూడటానికి రాయిలా ఉన్నా ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. ఆ బలంతో పగడం సున్నపు గూడు కట్టుకుంటుంది. అలలకు విరిగిన ముక్కలు, చిలుక చేపలు పగడాన్ని కొరికి విసర్జించే పొడి, గవ్వల తునకలు కలిసి ఇసుకవుతాయి. ఆ ఇసుకే దీవి. దాని మీదే కొబ్బరి తోటలు, ఇళ్లు, మసీదులు, బడులు.

తాగునీరు కూడా దీని దయే. వాన నీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పలుచని పొరలా నిలుస్తుంది. ఎక్కువ తోడితే కింద నుంచి ఉప్పు ఎక్కేస్తుంది. అందుకే 2005లోనే కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టాల్సి వచ్చింది.

బతుకుతెరువు సంగతీ అంతే. ఇక్కడి జాలర్లు ట్యూనాను గాలం కర్రలతో ఒక్కొక్కటిగా పడతారు. ఎరగా వేసే చిన్న చేపలు దొరికేది లగూన్‌లో, పగడాల దగ్గరే. తుపాను వచ్చినా పెద్ద అలల జోరు ముందు ఆ పగడపు గోడకు తగిలి తగ్గాకే ఊరి వైపు వస్తుంది.

ఇప్పుడు ఆ గోడకే దెబ్బ తగులుతోంది. సముద్రం మామూలు కంటే ఒక డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేసి తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేదంటే చచ్చిపోతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో ఇదే జరిగింది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల్లో జరిపిన దీర్ఘకాల అధ్యయనం ప్రకారం 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడం, 2022 నాటికి 20 శాతం లోపుకు పడిపోయింది. 2024లో మళ్లీ తెల్లబారింది. బంగారం అటోల్‌లోని పరాలి-1 అనే నిర్జన దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైందని 2017లో ఒక అధ్యయనం తేల్చింది.

లెక్కలో లేని ఖర్చు

సముద్రం వేడెక్కడం లక్షద్వీప్ వాసుల తప్పు కాదు. దాన్ని ఢిల్లీ ఒక్కటే ఆపలేదు కూడా. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పగడపు దిబ్బలు పోతాయని ఐపీసీసీ 2018లోనే హెచ్చరించింది. అయితే ఒక వేడి దెబ్బకు, ఇంకో వేడి దెబ్బకు మధ్య పగడం కోలుకోవాలంటే నీళ్లు శుభ్రంగా ఉండాలి, చేపలు ఉండాలి, లగూన్‌ను తవ్వకుండా ఉండాలి. ఇవి మాత్రం మన ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి.

జెట్టీ కోసం లగూన్ అడుగు తవ్వితే లేచిన బురద పగడాల మీద పేరుకుని వెలుతురును అడ్డుకుంటుంది. రిసార్టు గదులు పెరిగేకొద్దీ మంచినీటి వాడకం, మురుగు రెండూ పెరుగుతాయి. ఆ మురుగుకు పోయే దారి ఇసుక, లగూన్ తప్ప ఇంకేదీ లేదు. సుప్రీంకోర్టు 2012లో వేసిన జస్టిస్ రవీంద్రన్ కమిటీ, ఇక్కడి అభివృద్ధి పనులు ఎన్నికైన స్థానిక సంస్థలను సంప్రదించి, దీవుల నిర్వహణ ప్రణాళికకు లోబడి జరగాలని చెప్పింది. దాని వెనకున్న లెక్క ఇదే.

భద్రత వద్దని ఎవరూ అనడం లేదు. ఆస్పత్రి, ఓడలు, ఉద్యోగాలు కావాలని దీవుల వాళ్లే ఏళ్లుగా అడుగుతున్నారు. అయితే మెయిన్‌ల్యాండ్‌లో ఒక ప్రాజెక్టు చెడిపోతే నేలైనా మిగులుతుంది. అటోల్‌లో పగడం చస్తే నేలకే దిక్కుండదు. అందుకే ఏ ఫైలు మీద సంతకం పెట్టే ముందైనా ఆ పగడాలు దాన్ని తట్టుకుంటాయో లేదో తేల్చుకోవాలి. ఆ లగూన్‌లో రోజూ గాలం వేసేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అతన్ని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.