బండికీ నాడి ఉంది

లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీలకు రోజూ బయిన్నౌంగ్ వంతెన దాటి వెళ్ళే మన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఒకే మాటన్నారు: "డాక్టరుగారూ, వంతెన ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ బండి సాగదు." 2011లో దిగుమతులు సడలించాక జపాను నుంచి వచ్చిన పాత ఆటోమేటిక్ కార్లు మనలో చాలామందికి ఉన్నాయి కనుక రాస్తున్నాను.

మెకానిక్ "గేరుబాక్సు మార్చాలి" అనగానే డబ్బు తీయకండి. ముందు గేరునూనె చూడండి. బండి బాగా వేడెక్కాక, చదును నేల మీద, ఇంజను ఆడుతుండగానే, బ్రేకు తొక్కిపట్టి లీవరును అన్ని గేర్లలోకీ ఓసారి తిప్పి 'పి'లోకి తెచ్చి డిప్‌స్టిక్ తీయాలి. (టొయోటాలకు ఇదే పద్ధతి. డిప్‌స్టిక్ లేని బళ్ళను లిఫ్టు మీదే చూడాలి.) తగ్గివుంటే ఎక్కడో కారుతున్నట్టే; ఇది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రోగికి రక్తం తగ్గితే ఎటు పోతోందో వెతకమూ? ఆ చోటు బాగుచేయించి, ఆ మోడలుకు చెప్పిన రకమే పోయించండి. జారుడు ఆపుతుందని సీసాల్లో అమ్మే మందుల మీద నాకు నమ్మకం లేదు.

నూనె ఎర్రగా ఉంటే ఆశ ఉంది. నల్లబడి మాడువాసన వేస్తే లోపల క్లచ్ పలకలు కాలినట్టు. కొత్త నూనెతో అవి తిరిగి రావు. అలాంటి బండితో వంతెన ఎక్కకండి, వెనక కంటెయినరు లారీలుంటాయి.

జారేది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో? రివర్సులో కూడానా? కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి.