మన శాసనసభ్యునకు వ్రాయుట యెట్లు?

మన సహకార సంఘముల సర్వసభ్య సమావేశములకు మేము పోయినప్పుడెల్ల మూడు ప్రశ్నల నడుగుట అలవాటు చేసికొంటిమి. "అయ్యా, మన నియోజకవర్గపు శాసనసభ్యుని పేరేమి?" అని యడిగినచో అందఱు నొక్క గొంతుతో చెప్పుదురు. "ఆయన శాసనసభలో ఏ సమితియందు సభ్యులుగ నున్నారు?" అని యడిగినచో ఒక్కరును నోరు మెదపరు. "శాసనమండలిలో మనకు ప్రతినిధు లెవరు?" అని యడిగినచో, అట్టి మండలి యొకటి కలదను సంగతియే కొందఱికి క్రొత్తగ నుండును. ఓటు వేయు దినమున ప్రొద్దెక్కకమునుపే వరుసలో నిలుచు మనము, మఱునాటినుండి ఆ ప్రతినిధితో మనకేమి పని యున్నదో మఱచుచున్నాము.

మఱచుచున్నామనుటయు సరికాదు, పనులు చెప్పుచునే యున్నాము. కుమారుని బదిలీకొక సిఫారసు చీటి, బావమఱది అప్పుకొక మాట, పింఛనుకొక సంతకము, పెండ్లికొక రాక - ఇవియే మన మాయన నడుగునవి. శాసనములు చేయుటకును, ప్రభుత్వపు రాబడి వ్యయములను పరీక్షించుటకును, మంత్రులను ప్రశ్నించుటకును మనము పంపిన మనిషిని చీటీలు వ్రాయు గుమాస్తాగ మార్చినవారము మనమే. ఊరి కంతకును పనికివచ్చు సంగతిని వ్రాతమూలకముగ అడుగుటలేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా.

మేమెఱిగిన యొక గ్రామపు సంగతి చెప్పెదము. అది డెల్టాలోని పల్లె. ఊరి పల్లపు పొలముల నీటిని తీయు మురుగుకాలువ గుఱ్ఱపుడెక్కతోను తూటికాడతోను పూడిపోయి, వానలు పడినప్పుడెల్ల నీరు వెనుకకు తన్నుచుండెను. వరుసగ మూడేండ్లు చేలు మునిగెను. ఆ మూడేండ్లును గ్రామస్థులు ఊరక కూర్చుండలేదు. జాతరకు వచ్చిన శాసనసభ్యునకు పూలదండ వేసి విన్నవించిరి. మఱియొకమారు ట్రాక్టరులపై నలుబదిమంది పోయి ఆయన యింటి ముంగిట నిలిచిరి. ఆయనయు "చూతము" అనిరి. ఆ మాటలో కపట మున్నదని మేము తలపము. ఆ దినముననే అట్టి విన్నపములు పదులకొలది ఆయన చెవిని పడియుండును. నోటిమాటను ఏ దస్త్రమునందు పెట్టుకొనగలరు?

తప్పు మాదియు కలదు. మేమును నోటిమాటనే నమ్మి, "ఈ యేడు కాలువ బాగగును, నాట్లు వేయుడు" అని రైతులకు చెప్పితిమి. మా మాట విని నాటిన యొక కౌలురైతు, పదిదినములకే చేను మునుగగా అప్పుచేసి మఱల నారుకొని యూడ్చెను. పొట్టదశలో అదియు మునిగెను. మఱుసటి యేడు ఆయన యింటికి తాళము వేసి, ఆలుబిడ్డలతో కూలిపనికి పట్టణము పోయెను. ఆ తాళమును చూచినప్పుడెల్ల మేమన్న మాటయే మాకు జ్ఞప్తికి వచ్చును.

నాలుగవ యేట సంఘ కార్యదర్శిగారు ఒక పని చేసిరి. పదునైదుగురు రైతులను సంఘ కార్యాలయమున కూర్చుండబెట్టి, మునిగిన పొలముల సర్వేనెంబరులు, ఎకరములు, మునిగిన తేదీలు, నీరు నిలిచిన దినములు, పోయిన బస్తాలు పట్టికగ వ్రాయించిరి. కాలువ పూడిక తీయుటకు అంచనా వేసిరా, వేసినచో ఆ కాగిత మెక్కడ నిలిచినది అని 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద ఇంజనీరు కార్యాలయమున కొక దరఖాస్తు పెట్టిరి. ఆ చట్టముచొప్పున సాధారణముగ 30 దినములలో సమాధాన మీయవలెను. అంచనా తయారై రెండేండ్లుగ మంజూరు లేక పడియున్నదని తేలెను. ఆ సమాధానపు నకలును, రైతుల పట్టికను జతచేసి, ఒక్క పుటలో అర్జీ వ్రాసి శాసనసభ్యున కందించిరి. మేము ప్రభుత్వోద్యోగులము గనుక దానిపై సంతకము చేయలేదు. లెక్కలు సరిచూచుటలో మాత్రము సాయపడితిమి.

ఆ కాగితము చేత నుండుటచేత ఆయన సభలో ప్రశ్న వేయగలిగిరి. మంత్రిగారు సభాముఖమున మాట యిచ్చిరి. తరువాతి వేసవిలో కాలువ సగము దూరము శుభ్రపడెను. మిగిలిన సగమునకై గ్రామస్థు లింకను వ్రాయుచునే యున్నారు. సగమే యైనను ఆ యేడు పల్లపు చేల పంట కళ్లమునకు వచ్చెను.

చేనికి తెగులు సోకినదని రైతు చెప్పినప్పుడు "ఒక ఆకు కోసి తెమ్ము" అని మేమడుగుదుము. ఆకు చూడక మందు చెప్పుట మా వృత్తికి తగదు. శాసనసభ్యుని చేతికిని మనము ఆకు నీయవలెను. "చేను పోయినది బాబూ" అని మొఱపెట్టుకొన్న మాత్రమున చాలదు.

ఇక మన ప్రతినిధు లెవరో తెలిసికొను విధము. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎన్నికైన సభ్యులు 175 గురు, శాసనమండలిలో 58 గురు. తెలంగాణమున సభలో 119 గురు, మండలిలో 40 గురు. మీ నియోజకవర్గపు సంఖ్యయు పేరును ఓటరు గుర్తింపుకార్డుమీదను, ఓటరుల జాబితామీదను ముద్రింపబడి యుండును. సభ్యుల పేర్లు, చిరునామాలు, సమితుల పట్టికలు శాసనసభా సచివాలయమువారు ప్రచురింతురు. అవి అంతర్జాలమునను లభించును. ఊరిలో చదువుకొనుచున్న బాలిక నడిగినచో క్షణములో చూచి చెప్పగలదు.

శాసనమండలి ఆంధ్రప్రదేశమున 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మఱల నెలకొన్నది. రాజ్యాంగపు 171వ అధికరణముచొప్పున దాని సభ్యులలో సుమారు మూడవవంతును స్థానిక సంస్థల సభ్యులును, మూడవవంతును శాసనసభ్యులును, పండ్రెండవవంతును పట్టభద్రులును, పండ్రెండవవంతును ఉపాధ్యాయులును ఎన్నుకొందురు. తక్కినవారిని గవర్నరుగారు నియమింతురు. అట్లు నియమింపదగినవారిని చెప్పుచు సాహిత్యము, శాస్త్రము, కళలు, సంఘసేవ అనువానితోపాటు సహకారోద్యమమును రాజ్యాంగమే పేరుపెట్టి చెప్పినది. మన యుద్యమమునకు మండలిలో చోటు చూపిన ఆ వాక్యము మన సంఘములలో ఎందఱికి తెలియును? మీ మండల పరిషత్తు సభ్యుడు ఓటు వేయగా నెన్నికైన మండలి సభ్యు లుందురు. మీ ఉన్నత పాఠశాల పంతులుగారు ఓటు వేయగా నెన్నికైనవారు నుందురు. శాసనసభ్యున కొక ప్రతి వ్రాసినప్పుడు వీరికి నొక ప్రతి పంపుటలో తప్పులేదు.

ఏ సంగతి నెవరికి వ్రాయవలెనో ముందు విచారింపవలెను. వ్యవసాయము, భూమి, నీటిపారుదల, మురుగుకాలువలు, గట్లు, సంతలు, సహకార సంఘములు - ఇవి రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో రాష్ట్రజాబితాకు చేరినవి. వీనికి శాసనసభ్యులే తగినవారు. కనీస మద్దతు ధరల ప్రకటన, ఎగుమతి దిగుమతుల నిబంధనలు, ఎరువుల రాయితీ కేంద్రప్రభుత్వపు పనులు. వానికి పార్లమెంటు సభ్యునకు వ్రాయవలెను. ధాన్యమునకు ధర చాలదను ఫిర్యాదు ఢిల్లీకి పోవలెను. కొనుగోలు కేంద్రమున గోనెసంచులు లేవను ఫిర్యాదు రాష్ట్రములోనే తీరవలెను. ఈ రెంటిని ఒక్క కాగితమున కలిపి వ్రాసినచో, చదువువారు తమది కాని భాగమును చూపి తమదైన భాగమును తప్పించుకొందురు.

అధికారి చేయదగిన పనిని మొదట అధికారినే అడుగవలెను. సోమవారములందు కలెక్టరు కార్యాలయమున అర్జీలు పుచ్చుకొను ఆచారము కలదు. అచ్చట నిచ్చు రసీదును పాఱవేయకుడు. పని కాకపోయినచో శాసనసభ్యునకు వ్రాయు అర్జీకి ఆ రసీదే బలము.

శాసనసభ యనగా సభామందిరమున జరుగు వాదములే యని తలపరాదు. సభలోని పని చాలవఱకు సమితులలో జరుగును. ప్రజాపద్దుల సమితి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌గారి నివేదికల ననుసరించి ఖర్చైన ధనమును పరీక్షించును. అంచనాల సమితి వ్యయపు అంచనాలను చూచును. ప్రభుత్వరంగ సంస్థల సమితి విత్తనాభివృద్ధి సంస్థవంటి వాని వ్యవహారముల నడుగును. హామీల సమితి, మంత్రులు సభలో నిచ్చిన మాట నెరవేఱెనా లేదా యని విచారించును. మేము చెప్పిన గ్రామస్థులు మిగిలిన సగము కాలువకై పట్టుకొనవలసినది ఈ హామీల సమితినే యని మా యభిప్రాయము. ఇవికాక ప్రజల విన్నపములను విచారించుటకు అర్జీల సమితి కలదు. దానికి వ్రాయువారు సభానియమములను ముందుగ సభా కార్యదర్శిగారి కార్యాలయమునుండి తెలిసికొని, తమ సభ్యుని ద్వారా పంపుట మేలు. న్యాయస్థానమున విచారణలో నున్న సంగతిని వ్రాయరాదు. దూషణలు అసలే వ్రాయరాదు.

ఇంగ్లీషు రాదని జంకవలదు. ఏ బాధ తీర్చుకొనుటకైనను, ఏ అధికారికైనను, రాష్ట్రమున వాడుకలోనున్న భాషలో విన్నవించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతి మనిషికి నిచ్చినది. తెలుగున వ్రాసిన అర్జీ తక్కువది కాదు. మేము చదివిన మిషను బడిలో ఉత్తరములు వ్రాయించు పంతులుగా రొకరుండిరి. ఒక ఉత్తరమున రెండు సంగతులు కనబడినచో కాగితము త్రిప్పి పంపెడివారు. "ఏమి జరిగినది, ఎప్పుడు జరిగినది, ఏమి కావలెను" అను మూడింటికి సమాధానము లేనిదే సంతకము చేయనిచ్చువారు కారు. అర్జీకిని ఇదియే కొలత. ఒక్క సంగతి, ఒక్క పుట, లెక్కల పట్టిక, ఇంతకుముందు ఎవరికి వ్రాసితిరో ఆ వివరము, కోరున దేమో ఒక్క వాక్యమున. క్రింద సంఘపు తీర్మానపు తేదీ, సంతకములు, చిరునామా. నకలు సంఘమున నుంచి, స్పీడుపోస్టున పంపి రసీదు దాచుడు. నెలకు సమాధానము రాకున్నచో జ్ఞాపికగ మఱియొక ఉత్తరము వ్రాయుడు. పని జరిగినచో ధన్యవాదము వ్రాయుట మఱవకుడు. తిట్టుటకు మాత్రమే వ్రాయువారి ఉత్తరము విప్పుటకు ఎవరికిని మనసొప్పదు.

అదను తప్పిన విత్తనమెట్లో అదను తప్పిన అర్జీయు అట్లే. రెండు సమావేశముల నడుమ ఆరుమాసములు దాటరాదని రాజ్యాంగపు 174వ అధికరణము విధించినది. బడ్జెటు సమావేశములు సాధారణముగ ఫిబ్రవరి, మార్చి మాసములలో జరుగును. ధనముతో కూడిన పని కావలెనన్నచో సంక్రాంతికి ముందే మన కాగితము చేరియుండవలెను. కాలువ మునిగిన తరువాత వ్రాయుట, చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయే.

"రైతు మాట ఎవరు విందురు?" అని కొందఱందురు. మన పెద్దల కాలమున ఏమి జరిగినదో చూడుడు. 1937లో మద్రాసు రాష్ట్రమున, జమీందారీ రైతుల బాధలను విచారించుటకు శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఒక సమితి యేర్పడెను. అది జమీందారుల వాదమును, రైతుల సాక్ష్యమును వినెను. భూమిపై స్వామ్యము రైతుదే యని 1938లో నివేదిక నిచ్చెను. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే శాసనము వెంటనే రాలేదు. అయినను 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. పదేండ్లు పట్టినది, నిజము. అయినను ఆనాడు సమితి యెదుట నిలిచి సాక్ష్యము చెప్పిన రైతుల మాట నీటిమీది వ్రాతగ పోలేదు. నేటి రైతు ఓటు గలవాడు, అక్షరము తెలిసిన బిడ్డలు గలవాడు; వానికి నిరాశ తగునా?

మఱి కొందఱు "ఇది రాజకీయము, సంఘమున కేల?" అని సందేహింతురు. కక్షలు సంఘములోనికి రాకూడదనుటలో మేమును వారితో ఏకీభవింతుము. అందుచేతనే వ్యక్తులుగ గాక సంఘముగ వ్రాయుడని చెప్పుచున్నాము. ఓటు ఎవరికి వేసినను కాలువ నీరు అందఱి చేలను ముంచును. గెలిచిన సభ్యుడు తనకు ఓటు వేయనివారికిని ప్రతినిధియే. మనము వేయని అభ్యర్థి గెలిచెనని వ్రాయక మానుట, మన హక్కును మన చేతులతోనే వదలుకొనుట.

కావున ప్రతి సంఘమును ఒక పుస్తకము పెట్టవలెనని మా సలహా. మొదటి పుటలో శాసనసభ్యుని, మండలి సభ్యుల, పార్లమెంటు సభ్యుని పేర్లు, చిరునామాలు. తరువాతి పుటలలో పంపిన అర్జీలు, తేదీలు, వచ్చిన సమాధానములు. ఏటేట ఆ పుస్తకమును సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలెను. ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు అడుగవచ్చినవారి యెదుట ఆ పుస్తకము విప్పిన చాలును. వేఱు ప్రసంగ మక్కఱలేదు.

ఇంటికి తాళము వేసి పోయిన ఆ కౌలురైతు మొదటి యేటనే అట్టి పుస్తక ముండినచో నేడు ఊరిలోనే యుండునేమో చెప్పజాలము. వానివలె మఱియొకడు పోకుండుటకై ఈ నెలలోనే ఒక సాయంకాలము కూర్చుండి మొదటి పుట వ్రాయుడని సభ్యులను ప్రార్థించుచున్నాము.